నెత్తి మీద చెయ్యి

సదస్సుకు ముఖ్య అతిథిగా వేణుమాధవ్ వస్తున్నాడన్న సంగతి డెబోరాకు ఆ పొద్దున్నే తెలిసింది. ఎవరూ చెప్పలేదు. కాలేజీ గేటుకు కట్టిన కొత్త ఫ్లెక్సీ చూసి తెలుసుకుంది. "రాజకీయ ప్రవర్తన - మనస్తత్వం: జాతీయ సదస్సు" అన్న అక్షరాలు అడుగున సన్నగా ఉన్నాయి. వాటి మీద మెడలో సంఘం కండువాతో, రెండు చేతులూ జోడించి వేణుమాధవ్ నిలువెత్తున నవ్వుతున్నాడు.

గోదావరిఖనిలో ఆ నవ్వు ఎరగని వాళ్లు లేరు. బొగ్గుగనుల్లో కార్మిక సంఘాల గుర్తింపు ఎన్నికలు గెలిచిన సంఘానికి ఆయన ఈ ఏరియా నాయకుడు. ఎవరికి భూమి మీద డ్యూటీ పడాలి, ఎవరు బాయిలోకి, అంటే భూగర్భ గనిలోకి దిగాలి, ఎవరి బదిలీ ఆగాలి అన్న మాటలు తిరిగి తిరిగి చివరికి ఆయన గుమ్మం దగ్గరికే చేరతాయి.

డెబోరా ఆ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్. ఏడాది ఏడాదికీ కాలేజీ వాళ్లు మళ్లీ పిలిస్తేనే ఉద్యోగం. ఈ సదస్సు ఆమె కల. హైదరాబాదులో తన పీహెచ్‌డీ గైడ్ ప్రొఫెసర్ సత్యవతిని ఒప్పించి, నాలుగు యూనివర్సిటీల నుంచి మనుషులను రప్పించి, గనులున్న ఊళ్లోనే గనికార్మికుల ఓటు గురించి మాట్లాడించాలని ఆశపడింది. అందులో తన పత్రమూ ఒకటి. నాయకులు జనం చేత ఒట్లు వేయించుకుంటే, ఆ ఒట్టు ఓటును ఎలా పట్టి ఉంచుతుందన్నది దాని విషయం.

ఆమె పరుగున ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది.

"సార్, రాజకీయ నాయకులెవ్వరు వద్దనుకున్నం గదా?"

"హాలు నిండాలె గదమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్ టై సర్దుకుంటూ. "హైదరాబాదు నుంచి అంత పెద్దోళ్లు వస్తుంటే ఖాళీ కుర్చీలు చూపిస్తమా? ఆయన్ను అడిగిన. మనుషులను పంపిస్త, నేనూ వస్త అన్నడు. కాదంటమా? రేపు కాలేజీకి ఎన్ని పనులుంటయ్!"

కాలేజీ ఆడిటోరియం సెల్లార్లో ఉంటుంది. పైకప్పు దగ్గర సన్నటి వెంటిలేటర్లు తప్ప కిటికీలు లేవు. వెనక ఒకటే తలుపు. డెబోరా కిందికి దిగేసరికే హాలు కిటకిటలాడుతోంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు, కాలనీల నుంచి బస్సుల్లో తెచ్చిన ఆడవాళ్లు, నడిచే దారిలో కూడా అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీలు. తలుపు దగ్గర కండువాల వాళ్లిద్దరు నిలబడి ఉన్నారు. ఎవరో ముసలామె బయటికి పోబోతే, "అన్న మాట్లాడేదాక కూసోవాలె అవ్వా, జల్దినే అయిపోతది," అని మర్యాదగానే వెనక్కి పంపారు.

ముందు వరుసలో తండ్రి స్తెఫను కనిపించాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. కూతురు పత్రం చదువుతుందని చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొని వచ్చాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు. డెబోరా కూడా నవ్వుతూ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

తండ్రి వెనక వరుసలో జమున కూర్చుని ఉంది. ఒళ్లో కూతురు సహస్ర. పక్కన దారిలో జమున భర్త ప్రశాంత్, మెడలో కండువాతో, వచ్చినవాళ్లకు నీళ్ల సీసాలూ సదస్సు పుస్తకాలూ పంచుతున్నాడు.

ఆ పుస్తకంలో ఏముందో డెబోరాకు తెలుసు.

నిరుడు ఎండాకాలం ఆమె కార్మికుల క్వార్టర్లు తిరిగి చాలామంది ఇంటివాళ్లతో మాట్లాడింది. చాలామంది పైపైన చెప్పి పంపించారు. జమున మాత్రం తలుపు దగ్గరగా వేసి, ఫోన్‌లో రికార్డు చేసుకొమ్మని చెప్పి మరీ మాట్లాడింది. చెప్పుకోవడానికి మనిషి దొరక్క ఆమె అన్నాళ్లూ అల్లాడిపోయినట్టు అనిపించింది డెబోరాకు.

ఎన్నికలకు ముందు సంఘం వాళ్లు కుటుంబాలను విందుకు పిలిచారు. అన్నాలయ్యాక, ఎవరి పిల్లల నెత్తి మీద వాళ్లు చెయ్యి పెట్టి, మన సంఘానికే వేస్తామని చెప్పమన్నారు. ప్రశాంత్ సహస్ర తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. కానీ అవతలి సంఘం నుంచి నిలబడినవాడు అతని షిఫ్టులో పనిచేసే స్నేహితుడు. ఓటు పెట్టె దగ్గర చెయ్యి అటే పోయింది. ఆ వారంలోనే పిల్లకు ఫిట్స్ వచ్చాయి. నోట్లో నురగ వచ్చి, కళ్లు తేలేసింది.

"అప్పటిసంది పిల్లను ముట్టడు మేడం," అని జమున ఆ రోజు చెప్పింది. "ఎత్తుకోడు, నెత్తి దువ్వడు. తన చెయ్యే చెడ్డదంటడు. సంఘం పనంటే మాత్రం అన్నం ముందట్నుంచి లేసి ఉరుకుతడు. గట్ల చేస్తెనన్న ఒట్టు తీరుతదని. డాక్టరు సారు ఇది పుట్టుకతోటి వచ్చిందే, మందులు వాడితే తగ్గుతదని చెప్పిండు. ఇంటడా? వేణన్నకు తెలిస్తే భూమి మీది డ్యూటీ తీసేసి ఇంకో ఏరియాకు పంపిస్తడు. పిల్లను దవాఖానకు ఎవలు తీస్కపోవాలె? మీరు పేరు రాయకుర్రి."

డెబోరా పేరు రాయలేదు. గని పేరూ మార్చింది. "ఏడో కేసు" అని రాసింది. కానీ కూతుర్ని కూతురిగానే, మూర్ఛను మూర్ఛగానే ఉంచింది. ఆ రెండూ లేకపోతే కథే లేదనిపించింది. హైదరాబాదులో చదివేవాళ్లకు ఆ మనిషి ఎవరో ఎప్పటికీ తెలియదు. ఇక్కడ, ఈ సెల్లార్లో, ఆ వివరం ఒకే ఇంటి తలుపు తడుతుంది. ఈ సంగతి ఆమెకు పత్రం రాసినప్పుడు తట్టలేదు. ఇప్పుడు, ప్రశాంత్ చేతుల్లోంచి ఆ పుస్తకాలు వరుస వెంట వరుస సాగిపోతుంటే తట్టింది.

జనం మధ్య నుంచి ఎలాగో జమున దగ్గరికి చేరి వంగింది. జమున చేతిలో పుస్తకం తెరిచే ఉంది.

"ఇది నేనే గదా మేడం?" అంది జమున పెదవి కదిలీ కదలనట్టు.

"జమునా, పాపను తీసుకొని ఇంటికి పోరాదా?"

"పోనిస్తలేరు. లేస్తే ఎందుకు లేసినవ్ అంటరు. మీరు చదవకుర్రి. మీ కాళ్లు మొక్కుత."

వేదిక పక్కన సత్యవతి కళ్లద్దాలు తుడుచుకుంటోంది. డెబోరా ఆమెను పక్కకు పిలిచింది.

"మేడం, నా పత్రం తీసేయండి. ఒంట్లో బాగాలేదు."

"భయపడుతున్నావు, అంతే," అని సత్యవతి ఆమె భుజం తట్టింది. "మొదటిసారి నాకూ ఇలాగే అయింది. డెబోరా, ఈ సదస్సుకు నేను వచ్చిందే నీ పత్రం కోసం. ముఖ్యంగా ఆ ఏడో కేసు. ఇంత స్పష్టమైన ఉదాహరణ నా సర్వీసులో చూడలేదు."

"అదే మేడం, ఆ కేసు…"

మైకులో వేణుమాధవ్ పేరు మోగింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన కుర్చీల మధ్య దారి చేసుకుంటూ, ఇటూ అటూ చేతులు కలుపుతూ వేదిక ఎక్కాడు. సత్యవతి కూడా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. మాట అక్కడే తెగిపోయింది.

ఉపన్యాసాలు సాగాయి. కరెంటు పోయి జనరేటరు మీద మైకు, లైట్లు, ఫ్యాన్లు మాత్రం నడుస్తున్నాయి. కింద గాలి లేదు. జనం పుస్తకాలతో విసురుకుంటున్నారు. వేదిక మీద వేణుమాధవ్ ఒక్కడే పుస్తకంతో విసురుకోవడం లేదు, చదువుతున్నాడు. కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తలెత్తి హాలులోకి చూశాడు. తొందరేమీ లేనట్టు, ఒక్కో వరుస. డెబోరా ఆయన చూపు వెంటే చూసింది. జమున పిల్ల ముఖాన్ని కొంగులో దాచుకుంది.

డెబోరా పేరు పిలిచారు.

ఆమె సిద్ధాంతం చదివింది. మనిషి మాట ఇచ్చాక ఆ మాట తన్నెలా కట్టేస్తుందో, భయమూ కృతజ్ఞతా ఎలా కలిసిపోతాయో చెప్పింది. పట్టికలు చూపించింది. ఆరో కేసు దాకా వచ్చి, పేజీ తిప్పి, నేరుగా ముగింపులోకి పోయింది. చదువుతున్న గొంతు తనది కాదనిపించింది. ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగు అయినట్టుంది, వెంటిలేటర్ల అద్దాలు గడగడలాడి సున్నం కాస్త రాలింది. ఎవరూ తలెత్తలేదు.

"ఒక్క నిమిషం," అంది సత్యవతి అధ్యక్షస్థానం నుంచి ప్రేమగా. "ఏడో కేసు వదిలేశావు. పత్రానికి అదే గుండెకాయ. సభకు చెప్పు."

"టైం లేదు మేడం."

"టైం నేనిస్తాను."

వేణుమాధవ్ మైకు తన వైపు తిప్పుకున్నాడు. "నేను గూడ అదే అడుగుదామనుకున్న మేడం. మంచిగ రాసిండ్రు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, ఇంకోలకు ఓటేసిండు, పిల్లకు రోగమొచ్చింది అని. పాపం అనిపించింది. ఎవలో చెప్తే సంఘం తరఫున ఆ పిల్లకు సాయం చేద్దుము."

విసురుకుంటున్న పుస్తకాలు ఆగాయి. తలుపు దగ్గర పుస్తకాల కట్ట పట్టుకొని ప్రశాంత్ నిలబడిపోయాడు.

"పేర్లు చెప్పకూడదండీ," అంది సత్యవతి. "అది పరిశోధన నియమం. కానీ మనిషి మాత్రం నిజం. ఈ ప్రాంతంవాళ్లే. ఆ సంభాషణ మొత్తం నేను చదివాను. నాదీ పూచీ."

ఆమె ఆ మాట డెబోరాను కాపాడాలనే అంది. కానీ ఇది వేరే ప్రాంతపు కేసని తప్పించుకోవడానికి డెబోరాకు ఉన్న ఒక్క దారి కూడా మూసుకుపోయినట్టయింది. ఈ ప్రాంతంవాళ్లే. హాలులో తలలు తిరగడం మొదలైంది. మూర్ఛ ఉన్న పిల్ల ఎవరింట్లో ఉందని ఒకరి చెవిలో ఒకరు అంటున్నారు. ఇంకాస్త ఆగితే ఎవరో ఒకరి వేలు లేస్తుంది.

"అది నేను కల్పించింది," అంది డెబోరా.

సత్యవతి అర్థం కానట్టు చూసింది.

"ఏడో కేసు నేనే కల్పించిన. అసొంటి మనిషి ఎవ్వరు లేరు. పత్రం బాగుంటదని రాసిన. తప్పయింది."

సత్యవతి ముఖం ఏ భావమూ లేకుండా గడ్డకట్టింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ప్రిన్సిపాల్ నోరు తెరిచాడు, మూశాడు. అతిథుల్లో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

వేణుమాధవ్ మాత్రం నవ్వాడు. "పోనియ్యుర్రి, తప్పులు ఎవలు చెయ్యరు? ఒప్పుకున్నరు, అదే గొప్ప. ఇగో, స్తెఫను కాక ఈడనే ఉన్నడు! మా నాయినతోటి బాయిల పనిచేసిన జోడీదారు. రా కాక, మీదికి రా. సన్మానం చేసుకుంటం."

ఇద్దరు కుర్రాళ్లు స్తెఫనును వేదిక మీదికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మెట్లెక్కిన ఆయాసంతో కూతురి వైపు చూశాడు. వేణుమాధవ్ శాలువా కప్పి, చప్పట్లు ఆగేదాకా ఆగి, మైకు దగ్గరికి వంగాడు.

"మేడం ఒట్ల మీద ఇంత పెద్ద పుస్తకం రాసిండ్రు. మరి మేడం గూడ ఒక్కసారి వాళ్ల బాపు నెత్తి మీద చెయ్యి పెట్టి, అది కల్పించిందే, మా సంఘంల ఎవ్వరు ఒట్లు వేయించరు అని చెప్తే మా కార్మికుల మనసు తేటపడ్తది. సరదాకే! ఏమంటరు?"

నవ్వులూ చప్పట్లూ లేచాయి. నిజంగానే సరదాగా ఉంది వాళ్లకు.

స్తెఫను తన జన్మలో ఒట్టు వేసిన మనిషి కాదు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి మాటకు సాక్ష్యం అక్కర్లేదని చిన్నప్పుడే కూతురికి నేర్పాడు. డెబోరా సత్యవతిని చూసింది. సత్యవతి బల్లను చూస్తోంది. తలుపు వైపు చూసింది. తలుపు మూసి ఉంది. ఇది వట్టి మాట, గాలిలో కలిసిపోయే శబ్దం, దీని వల్ల ఎవరికీ ఏమీ కాదు అని ఎన్ని క్లాసుల్లో తనే చెప్పింది! చెయ్యి మాత్రం లేవనంటోంది.

జమున పిల్లను గుండెకు అదుముకొని ఆమెనే చూస్తోంది.

డెబోరా తండ్రి తల మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా, పలచటి జుట్టు కింద ఎముక తగిలింది.

"అది కల్పించిందే," అంది. "సంఘంల ఎవ్వరు ఒట్లు వేయించరు."

హాలు మోగిపోయింది. తలుపు తెరిచారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. కారు ఎక్కబోతూ సత్యవతి ఒక్కసారి ఆగింది. "అంత సంభాషణ నువ్వు కూర్చుని అల్లావంటే నమ్మలేను. అల్లలేదంటే, అందరి ముందు నన్ను ఎందుకు అబద్ధాలదాన్ని చేశావో అర్థం కాదు. రికార్డింగు ఉంటే పంపు. లేకపోతే ఇక నీకు గైడ్‌గా ఉండలేను."

రికార్డింగు డెబోరా చేతిలోని ఫోన్‌లోనే ఉంది. పంపిస్తే సత్యవతి దగ్గర మచ్చ తొలగిపోతుంది. పూచీ ఇచ్చి మాట పోగొట్టుకున్న సత్యవతి, దాన్ని పదిమందికి చూపించి తన మాట నిలబెట్టుకోకుండా ఉంటుందా? చెప్పలేం. తను బయటపడాలంటే జమునను బయటపెట్టాలి. ఆ రోజే డెబోరా ఆ రికార్డింగును తీసేసింది.

వారం తిరగకముందే గని గేట్ మీటింగుల్లో ఆ సంగతి మోగింది. చదువుకున్న మేడమే తండ్రి మీద ఒట్టేసి చెప్పింది, మన సంఘం మీద బురదజల్లుతున్నారు అని వేణుమాధవ్ చెప్పినప్పుడల్లా చప్పట్లు. ఆ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. క్లాసులో పిల్లలు ఆమెను చూసి చూపులు దించుకున్నారు.

ఇంతలో స్తెఫనుకు దగ్గు పట్టుకుంది.

ప్రతి చలికాలం వచ్చే దగ్గే. బొగ్గుదుమ్ము మింగిన ఛాతీ అది, చల్లగాలికి ఎప్పుడూ ఇలాగే మొరాయిస్తుంది. డెబోరాకు అది తెలుసు. తెలిసి కూడా ఆయన దగ్గినప్పుడల్లా ఆమె కుడిచెయ్యి మొద్దుబారిపోయేది. వంటచేస్తూ, పేపర్లు దిద్దుతూ చెవులు ఆయన మంచం మీదే ఉండేవి. జ్వరముందేమో చూద్దామని నుదుటి దాకా చెయ్యి తీసుకెళ్లి, ముట్టకుండానే వెనక్కి తీసుకునేది. ఒక పని జరిగాక మరొకటి జరిగితే, మొదటిదే కారణమనుకోవడం మనసుకు ఉన్న బలహీనత అని పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన మనిషి, ప్రార్థనలో కూర్చుని అయ్యా, ఆ శిక్ష నాకు వెయ్యి, ఆయనకు వద్దు అని వేడుకుంది. అంతలోనే తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యంతో ప్రార్థన ఆగలేదు.

దగ్గు ఆయాసంలోకి దిగింది. దవాఖానలో చేర్చారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టాక ఆయన కాస్త తేరుకొని కూతురి వైపు తిరిగాడు.

"ఎందుకు బిడ్డా, దూరంగ నిలబడ్తున్నవ్?"

ఆమె దుప్పటి అంచు సర్ది వెనక్కి జరిగింది.

"ఆ దినం నీ చెయ్యి వణికింది. నా నెత్తికి తెల్వదా?" అన్నాడు ఆయన మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఎవల్నో కాపాడినవ్. ఎవలని నేను అడగ. నాకేమైన దుమ్ము తోటి అయితది గని, నీ చెయ్యి తోటి గాదు. దా, కూసో."

ఆమె మంచం అంచున కూర్చుంది. ఆయన చెయ్యి అందుకుంది. తల జోలికి మాత్రం పోలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వేణుమాధవ్ పండ్లు పట్టుకొని వార్డుకు వచ్చాడు. వెంట ఎప్పుడూ ఉండే మందిని వరండాలోనే ఆపాడు. స్తెఫను మందుల మత్తులో కళ్లు మూసుకొని ఉన్నాడు. వేణుమాధవ్ స్టూలు లాక్కొని కూర్చున్నాడు, ఇంటి మనిషిలాగే.

"కాకకు ఏం కాదు. పెద్ద డాక్టరుకు చెప్పిన, హైదరాబాదు పంపాల్నంటె పంపిస్తరు. ఫికర్ చెయ్యకు చెల్లె."

మేడం అన్న పిలుపు చెల్లెగా మారడం డెబోరా గమనించింది.

"వచ్చే నెల మహిళల మీటింగు పెడ్తున్నం. నువ్వు మాట్లాడాలె. కాలేజీల నీ ఉద్యోగం ముచ్చట గూడ ప్రిన్సిపాల్ సారుకు చెప్పిన. ప్రతి ఏడు అడుక్కునుడేంది?"

"నేను రాను అన్నా," అంది ఆమె. "మీటింగులల్ల మాట్లాడుడు నాకు చాతగాదు."

ఆయన కోప్పడలేదు. వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ పిల్ల తండ్రి ఎవలో నాకెర్కే, చెల్లె. పుస్తకం చదవకముందే ఎర్క. వాడు ఓటు ఎటు వేసిండో ఓట్ల దినం వాని ముఖం చూస్తెనే తెలిసింది."

డెబోరా ఆయన వైపు తిరిగింది. "మరి… ఆ రోజు హాలుల ఎందుకు అడిగిండ్రు?"

"వాని కోసం గాదు. రాసింది నువ్వు. నువ్వే కాదనాలె, అందరి ముందట." ఆయన పండ్ల సంచీని బల్ల మీద సర్ది లేచాడు. "వాన్ని నేనెందుకు దూరం చేసుకుంట? వానంత మంచిగ పనిచేసేటోడు నా దగ్గర ఇంకొకడు లేడు. మీటింగుకు రా. ఆలోచించు. తొందరేం లేదు."

ఆయన వెళ్లిపోయాక కూడా డెబోరా ఆ స్టూలునే చూస్తూ ఉండిపోయింది. ప్రశాంత్‌ను కాపాడాననుకుంది. కాపాడటానికి అక్కడ ఏమీ లేదు. అతను ఎప్పుడో దొరికిపోయి ఉన్నాడు. అతని పక్కన ఖాళీగా ఉన్న చోట్లోకి తను నడిచి వెళ్లి నిలబడింది.

స్తెఫను నాలుగు రోజులకు కోలుకొని ఇంటికి వచ్చాడు. ఆయన గడప దాటి లోపలికి అడుగుపెట్టగానే, ఒట్టు గండం గడిచిందని డెబోరా మనసు తేలికపడింది. మరుక్షణమే ఆ తేలికే ఆమెను భయపెట్టింది. గండం గడిచిందనుకోవాలంటే, గండం ఉందని నమ్మి ఉండాలి కదా. ఆమె ఇక ఇంట్లో కూర్చోలేకపోయింది. తండ్రికి జావ కాచి ఇచ్చి, చెప్పులేసుకొని జమున వాళ్ల క్వార్టరుకు బయల్దేరింది.

జమున ముంగిట్లో బట్టలు ఆరేస్తోంది. డెబోరాను చూసి చేతిలోని తడిబట్టను అలాగే పట్టుకుంది.

"మీకు మొక్కాల్నో, తిట్టాల్నో తెలుస్తలేదు మేడం," అంది. "మమ్ముల్ని బతికిచ్చిండ్రు. కానీ నేను ఒక్క మనిషికే నా బాధ చెప్పుకున్న. అసొంటి మనిషే లేదని మీరు అందరి ముందట చెప్తుంటే, నేను నిజంగనే లేనట్టనిపించింది."

"తప్పు నాదే జమునా. ముందే ఆ వివరాలు మార్చి రాయాల్సింది. కానీ ఇప్పుడు ఇంకో మాట చెప్పాలె." డెబోరా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "వేణుమాధవ్‌కు తెలుసు. మొదటి నుంచే తెలుసంట. నాతోనే అన్నడు."

జమున తడిబట్టను బకెట్లో వేసి గడప మీద కూలబడింది. అంతలో మొదటి షిఫ్టు దిగిన ప్రశాంత్ బండి ఆపి లోపలికి వచ్చాడు. డెబోరాను చూసి ముఖం దించుకున్నాడు.

"చెప్పుర్రి మేడం," అంది జమున. "నేను చెప్తే ఇనడు. మీరే చెప్పుర్రి."

ఇద్దరి మధ్యా నిలబడి డెబోరా దవాఖానలో విన్న మాటలన్నీ చెప్పింది. ఏదీ దాచలేదు. ప్రశాంత్ గోడకు ఆనుకొని విన్నాడు.

"ఎర్కుంటె నన్ను ఒక్క మాటన్న ఎందుకు అనలే?" అన్నాడు చివరికి. "బదిలీ ఎందుకు చెయ్యలే?"

ఇన్నాళ్లూ ఒట్టుకు భయపడి తను చేసిన చాకిరీయే దానికి జవాబు. అతని ముఖంలో ఏదో మెల్లగా కిందికి జారిపోవడం ఇద్దరూ చూశారు.

లోపలి నుంచి సహస్ర బొమ్మ పట్టుకొని వచ్చింది. తండ్రిని చూసి, అలవాటు ప్రకారం, దగ్గరికి పోకుండా తల్లి వెనక నిలబడింది.

"డాక్టరు సారు చెప్పిందే నిజం," అంది జమున భర్తతో. "పుట్టుకతోటి వచ్చిన రోగం. ఒట్టు లేదు, ఏం లేదు. వేణన్ననే ఆ ఒట్టును నమ్ముతలేడు. నువ్వెందుకు నమ్ముతవ్? ఇటు దా. పిల్లనెత్తుకో."

ప్రశాంత్ ఒక అడుగు వేశాడు. వంగి, చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పిల్ల భుజం దాకా వచ్చింది. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. సహస్ర తండ్రి చేతినీ జేబునూ మార్చి మార్చి చూసింది.

అతను నిటారుగా లేచి ఫోన్ తీశాడు.

"ఆ, అన్నా. కుర్చీలా? తెప్పిస్తనన్నా. ఇగో, వస్తున్న."

జమున ఆపలేదు. లేచి బకెట్లోని బట్టను మళ్లీ పిండింది. అందులో నీళ్లేమీ మిగల్లేదు, అయినా పిండుతూనే ఉంది. పిల్ల మందులకు నెలనెలా సెలవు దొరకాలన్నా, భూమి మీది డ్యూటీ నిలవాలన్నా అతను వెళ్లాలి. ఒట్టు మాయమైనా ఆ అవసరం మాయం కాలేదు. ముగ్గురికీ ఆ సంగతి ఒకేసారి అర్థమైంది.

డెబోరా, ప్రశాంత్ కలిసే బయటికి వచ్చారు. అతను బండి స్టార్ట్ చేయకుండా మలుపు దాకా నెట్టుకుంటూ ఆమె పక్కనే నడిచాడు. కాలనీ గోడల మీద మహిళల మీటింగు పోస్టర్లు అప్పుడే అతికించినట్టున్నాయి, జిగురు ఇంకా తడిగా ఉంది. వక్తల పేర్లలో డెబోరా పేరు కూడా వేసేశారు.

"మీరు పోతున్నరా మేడం మీటింగుకు?" అని అడిగాడు ప్రశాంత్ పోస్టరు వైపు చూసి.

"రానని చెప్పిన. వాళ్లే వేసుకున్నరు."

"పోకుంటే కాలేజీల ఉంచరు కావచ్చు."

"ఉంచరు."

అతను మలుపు దగ్గర బండి ఎక్కి కండువా మెడలో సర్దుకున్నాడు.

"పోకుర్రి మేడం," అన్నాడు ఆమె ముఖంలోకి మొదటిసారి నేరుగా చూసి. "మీరైనా పోకుర్రి."

బండి స్టార్ట్ చేసి, కుర్చీలు తెప్పించడానికి సంఘం ఆఫీసు వైపు వెళ్లిపోయాడు.